కొత్త బెల్టు కొనే ముందు పాత బెల్టును పరీక్షగా చూడండి

ప్రశ్న: మాది నార్త్ కరోలినాలో షార్లెట్ శివారు. ఇంటి చుట్టూ ముప్పావు ఎకరం దాకా గడ్డి, వెనకవైపు కాస్త ఏటవాలు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న రైడింగ్ లాన్ మోవర్ ఉంది. 42 అంగుళాల డెక్ (బ్లేడ్లు తిరిగే కింది పెట్టె), హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్ (నూనె ఒత్తిడితో చక్రాలను నడిపే రకం). ఈ వసంతంలో మిట్ట ఎక్కేటప్పుడు కీచుమని అరవడం, కాలిన రబ్బరు వాసన రావడం మొదలై, చివరికి బండి కదలడం మానేసింది. ఇంజిన్ మాత్రం బాగానే తిరుగుతోంది. విప్పి చూస్తే డ్రైవ్ బెల్టు నున్నగా అయిపోయి ఉంది. దాన్ని టేపుతో కొలిచి, కార్ల విడిభాగాల షాపులో అదే పొడవుది తెచ్చి వేశాను. కొన్ని వారాలు నడిచాక అదీ ఊడిపోయింది. ఎక్కించిన ప్రతిసారీ మళ్ళీ ఊడుతోంది. రిపేరు షాపుకు ఫోన్ చేస్తే, బండి చూడకుండానే ట్రాన్స్‌మిషన్ పోయి ఉంటుందన్నారు. మా నాన్నగారు తెనాలి దగ్గర మా ఊళ్ళో పిండిమర నడిపిన మనిషి. ఇప్పుడు మా దగ్గరే ఉన్నారు. బెల్టుకు గుగ్గిలం పొడి చల్లితే పట్టు వస్తుందంటున్నారు. చల్లమంటారా? లేక ఈ బండిని వదిలేసి కొత్తది కొనుక్కోమంటారా?

జవాబు: రెండూ వద్దు. ట్రాన్స్‌మిషన్ పోయిందని నమ్మడానికి మీ ఉత్తరంలో నాకు ఒక్క ఆధారమూ కనిపించలేదు. కీచు శబ్దం, రబ్బరు వాసన, బెల్టు ఊడిపోవడం, ఈ మూడూ బెల్టు తిరిగే దారిలో ఎక్కడో లోపం ఉందనే చెబుతున్నాయి. హైడ్రో ట్రాన్స్‌మిషన్ లోపల అరిగిపోతే వచ్చే తీరు వేరు. చల్లగా ఉన్నప్పుడు బండి చక్కగా లాగుతుంది. అరగంటో ముప్పావుగంటో కోశాక, లోపలి నూనె వేడెక్కి పల్చబడ్డాక, మిట్ట ఎక్కలేక నీరసపడుతుంది. ఆపి చల్లారనిస్తే మళ్ళీ లాగుతుంది. అప్పుడు బెల్టు అరవదు, కాలదు. మీ బండి తీరు ఇది కాదు.

మీ రెండో బెల్టు ఊడిపోవడానికి అది సరైన బెల్టు కాకపోవడమే కారణం అయ్యుంటుంది. దాని సంగతి తర్వాత చెబుతాను. కానీ మొదటి బెల్టు ఎందుకు నున్నబడింది? ఈ ప్రశ్న మీరు వేసుకోలేదు. బెల్టు వయసు మీరి పోవడం ఉంటుంది, కాదనను. అయినా ఎక్కువసార్లు దాన్ని పాడుచేసేది పక్కనున్న ఇంకో భాగం. ఆ భాగాన్ని అలాగే వదిలేసి ఎంత మంచి బెల్టు వేసినా అది కొత్త బెల్టునూ తినేస్తుంది.

పానా పట్టుకునే ముందు మూడు చిన్న విషయాలు చూడండి. హైడ్రో బండ్లకు వెనకవైపు, ట్రాన్స్‌మిషన్ దగ్గర ఒక ఫ్రీవీల్ లీవర్ ఉంటుంది. బండిని చేత్తో తోసుకుంటూ తీసుకెళ్ళడానికి దాన్ని వాడతారు. బండి ఆగిపోయిన రోజు మీరు దాన్ని లాగి షెడ్డు దాకా తోసుకొచ్చి ఉంటే, మళ్ళీ యథాస్థానానికి నెట్టారో లేదో చూడండి. అది బయటికి ఉన్నంతసేపూ ఏ బెల్టు వేసినా బండి కదలదు. రెండోది బ్రేక్ పెడల్. వదిలిన వెంటనే పూర్తిగా పైకి వస్తోందా, లేక సగంలో ఆగుతోందా? చాలా మోడళ్ళలో ఈ పెడల్ తొక్కితే బ్రేకు పడటంతో పాటు బెల్టు కూడా వదులవుతుంది. పెడల్ పూర్తిగా లేవకపోతే బెల్టు ఎప్పుడూ అరకొర టెన్షన్‌తోనే, అంటే బిగుతు చాలకుండానే తిరుగుతూ, జారుతూ, కాలుతూ ఉంటుంది. మూడోది, ఆ అరుపు ఏ బెల్టుదో తేల్చుకోవడం. మీ బండిలో రెండు బెల్టులున్నాయి. ఒకటి చక్రాలను నడిపేది, ఇంకొకటి డెక్ కింద బ్లేడ్లను తిప్పేది. బ్లేడ్ల బేరింగ్ బిగుసుకుపోయినా ఇదే అరుపు, ఇదే వాసన వస్తాయి. బెల్టు నిలబడే స్థితికి వచ్చాక, బ్లేడ్లు ఆపేసి బండిని సమతలం మీద, ఆ తర్వాత మెల్లగా మిట్ట మీద నడిపి చూడండి. బ్లేడ్లు ఆపినా అరుస్తుంటే అది డ్రైవ్ బెల్టే. బ్లేడ్లు వేస్తేనే అరుస్తుంటే మీరు ఇన్నాళ్ళూ చూడాల్సిన చోటు చూడలేదన్నమాట.

ఇక కిందికి వంగి చూసే పని. తాళం చెవి తీసి జేబులో వేసుకోండి. స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీసి, ప్లగ్‌కు తగలకుండా దూరంగా పెట్టండి. రెండు సిలిండర్ల ఇంజిన్ అయితే రెండు వైర్లూ తీయండి. ఇంజిన్ చల్లారే దాకా ఆగండి. చక్రాలకు ముందూ వెనకా అడ్డుచెక్కలు పెట్టండి. జాకీ ఒక్కదాని మీద బండిని లేపి కిందికి దూరవద్దు. గట్టి నేల మీద స్టాండ్లు గానీ, చక్రాల ర్యాంపులు గానీ వాడండి. చేతులకు మందపాటి గ్లౌజులు వేసుకోండి. బెల్టు ఎలా తిరుగుతుందో చూడాలని ఇంజిన్ నడుస్తుండగా కిందికి తొంగిచూడటం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. నాన్నగారిని కూడా చూడనివ్వకండి. మరలో తిరుగుతున్న బెల్టు పక్కన నిలబడి పనిచేసిన అలవాటు ఆయనకు ఉండి ఉంటుంది కాబట్టి ముందే చెబుతున్నాను.

బెల్టు నడిచే దారి అర్థమైతే సగం పని అయినట్టే. ఇంజిన్ షాఫ్ట్ కిందికి దిగి ఉంటుంది. దానికి ఒకదాని కింద ఒకటిగా పుల్లీలు. ఎక్కువ మోడళ్ళలో పైది డ్రైవ్ బెల్టుది, కిందది డెక్ బెల్టుది. డ్రైవ్ బెల్టు అక్కడి నుంచి వెనక ట్రాన్స్‌మిషన్ మీదున్న పుల్లీ దాకా వెళ్ళి తిరిగొస్తుంది. దారి మధ్యలో బెల్టును నొక్కి బిగుతుగా ఉంచే ఐడ్లర్ పుల్లీలు ఉంటాయి, సాధారణంగా గాడి ఉన్నది ఒకటి, చదునుగా ఉన్నది ఒకటి. ఇవి ఒక కదిలే ఆర్మ్‌కు బిగించి ఉంటాయి. ఆ ఆర్మ్‌ను ఒక స్ప్రింగ్ లాగి పట్టుకుంటుంది. టెన్షన్ అంతా ఆ స్ప్రింగ్‌దే. ఇంకా అక్కడక్కడా బెల్టు బయటికి జారకుండా కాపలాగా చిన్న ఇనప కడ్డీలు, రేకులు ఉంటాయి. వాటిని కీపర్లంటారు.

ఇప్పుడు ఆ మొదటి బెల్టు. పారేయలేదనే అనుకుంటున్నాను. చెత్తబుట్టలో ఉంటే బయటికి తీయండి. వెలుతురులో పెట్టి, చేత్తో మెల్లగా తిప్పుతూ చుట్టూతా చూడండి. రెండు పక్కలూ అద్దంలా నున్నగా మెరుస్తుంటే అది చాలాకాలం జారుతూ తిరిగింది, అంటే టెన్షన్ చాల్లేదు. ఒక పక్కే పోగులు లేచి, రెండో పక్క బాగుంటే ఏదో పుల్లీ వంగి ఉంది, లేదా కీపర్ వంకరపోయి రాసుకుంటోంది. వీపు, అంటే బెల్టు బయటి వెడల్పు వైపు, కాలి పేలికలైతే చదునైన ఐడ్లర్ తిరగడం లేదు. బెల్టు వీపును ఆనుకుని తిరిగేది అదొక్కటే మరి. మిగతా అంతా బాగుండి ఒక్కచోట మాత్రం కోసినట్టు సన్నబడి ఉంటే, బెల్టు కదలకుండా ఆగిపోయి, ఇంజిన్ పుల్లీ అదే చోట గిర్రున తిరిగి తినేసిందని అర్థం. పార్కింగ్ బ్రేక్ పట్టేసి ఉన్నా, ట్రాన్స్‌మిషన్ బిగుసుకుపోయినా జరిగేది అదే. మీ షాపువాళ్ళ మాటకు బలం రావాలంటే ఈ గుర్తు కనిపించాలి. లోపలి అంచుకు అడ్డంగా సన్న పగుళ్ళు బోలెడు ఉంటే వయసు, వేడి. బెల్టు ఉబ్బి మెత్తగా, జిడ్డుగా ఉంటే ఇంజిన్ అడుగున షాఫ్ట్ దగ్గరి సీలు నుంచి ఆయిల్ కారుతోంది. ముందు ఆ సీలు మార్చండి, లేకపోతే కొత్త బెల్టు కూడా నూనెలో నానుతుంది.

మీరు నున్నబడిందని రాశారు. అందుకే నా అనుమానం మొదట ఐడ్లర్ల మీదికి, ఆ ఆర్మ్ మీదికి పోతుంది. బెల్టు తీసేశాక ఒక్కో ఐడ్లర్‌ను వేలితో తిప్పండి. చప్పుడు లేకుండా మెత్తగా తిరగాలి. ఇసుక నలిగినట్టు గరగరమన్నా, బిగుసుకున్నా, పట్టుకుని ఊపితే అటూఇటూ ఆడినా బేరింగ్ పోయినట్టే. వాటికి విడిగా గ్రీజు పెట్టే వీలుండదు కాబట్టి పుల్లీ మొత్తం మార్చడమే మంచిది. పెద్ద ఖర్చు కాదు. తర్వాత ఆర్మ్‌ను చేత్తో కదపండి. అది తన కీలు మీద తేలిగ్గా తిరిగి, వదిలితే స్ప్రింగ్ దాన్ని చటుక్కున లాగాలి. గడ్డి తుక్కు, తేమ కలిసి ఆ కీలు దగ్గర తుప్పు పట్టడం చాలా మామూలు. తుప్పు పడితే స్ప్రింగ్ ఎంత లాగినా ఆర్మ్ రాదు, బెల్టు వదులుగానే ఉండిపోతుంది. చాలామంది ఇక్కడే మోసపోతారు, ఎందుకంటే చూడ్డానికి భాగాలన్నీ కొత్తవాటిలాగే ఉంటాయి. కీలు విప్పి, తుప్పు గీకి, పల్చగా గ్రీజు రాసి బిగించండి. స్ప్రింగ్ లాగకుండా ఉన్నప్పుడు దాని చుట్ల మధ్య సందులు కనిపిస్తుంటే అది సాగిపోయింది, మార్చండి. కొక్కెం అరిగి సన్నబడినా మార్చండి.

పుల్లీ గాడుల్ని ఒకసారి గుడ్డతో తుడిచి చూడండి. మీ బండిలోది వి-బెల్టు, అంటే అడ్డంగా కోస్తే వి ఆకారంలో కనిపించేది. అది గాడి అడుగున ఆనదు, రెండు పక్కల గోడల మధ్య ఇరుక్కుని పట్టు సంపాదిస్తుంది. అందుకే గాడి అడుగు మెరుస్తూ కనిపిస్తే బెల్టు అరిగి లోపలికి దిగిపోయి తిరుగుతోందని అర్థం. అలా దిగిన బెల్టు ఎంత బిగించినా జారుతుంది. గాడిలో ఎండిన గడ్డి ముద్దకట్టి ఉంటే దాన్నీ గీకేయండి. బెల్టు దాని మీదికెక్కి అంచు దాటేస్తుంది. గోడలు అరిగి పల్లం పడినా, అంచు వంగినా ఆ పుల్లీ మార్చాల్సిందే.

నాన్నగారి గుగ్గిలం సంగతి. ఆయన మాట వెనక అనుభవం ఉంది. పిండిమరల్లో వాడే చదును బెల్టు తన వెడల్పుతో పుల్లీని పట్టుకుంటుంది. ఆ ముఖానికి జిగురు తగిలితే పట్టు పెరుగుతుంది. ఇక్కడ పట్టంతా పక్కలది. పక్కలకు జిగురు తగిలితే మొదట కాసేపు బాగున్నట్టే అనిపించి, ఆ తర్వాత గడ్డి పొట్టు, దుమ్ము దానికి అంటుకుని బెల్టును, గాడిని కూడా అరగదీస్తాయి. పైగా బ్రేక్ పెడల్ తొక్కినప్పుడు ఈ బెల్టు సాఫీగా వదలాలి, అంటుకుని ఉండిపోకూడదు. కాబట్టి గుగ్గిలమే కాదు, షాపుల్లో దొరికే బెల్టు డ్రెస్సింగ్ స్ప్రే కూడా వద్దు. అయితే ఆయన సాయం మీకు నిజంగా కావాల్సిన చోటు ఒకటుంది. రెండు పుల్లీలు ఒకే వరసలో లేకపోతే బెల్టు ఎటు నడుస్తుందో ఆయనకు కంటితోనే తెలుస్తుంది. టార్చి ఇచ్చి, ఇంజిన్ ఆగి ఉండగా, ఆ ఐడ్లర్లు నిటారుగా ఉన్నాయో, ఏదైనా పక్కకు ఒరిగిందో చూడమనండి. పిండిమర చదును పుల్లీకి మధ్యలో కాస్త ఉబ్బు ఉంటుంది కాబట్టి బెల్టు తనంతట తాను మధ్యకు వస్తుంది. గాడి పుల్లీలో ఆ వెసులుబాటు లేదు. ఐడ్లర్ కొంచెం ఒరిగినా బెల్టు గోడ ఎక్కి, తిరగబడి, ఊడిపోతుంది.

బెల్టు కొనడం దగ్గర మీరు చేసిన పని చాలామంది చేసేదే. కొలిచి కొనడం తెలివైన పనిలాగే కనిపిస్తుంది. కానీ పాత బెల్టు సాగి ఉంటుంది, దాన్ని కొలిచి తెచ్చిన కొత్తది మొదటిరోజు నుంచే పొడుగు. స్ప్రింగ్ ఆర్మ్ కదిలే దూరం కొద్దిగానే ఉంటుంది కాబట్టి ఒక్క అంగుళం తేడా కూడా టెన్షన్ మొత్తాన్ని తినేస్తుంది. వెడల్పు చూసుకోవడమూ అవసరమే. మోవర్లలో 1/2 అంగుళం, 5/8 అంగుళం వెడల్పులు ఎక్కువగా వాడతారు. ఒకటి వేయాల్సిన చోట ఇంకొకటి వేస్తే గాడిలో పైకి తేలుతుంది, లేదా అడుక్కి దిగుతుంది. అన్నిటికంటే ముఖ్యం బెల్టు చేసిన తీరు. మోవర్ బెల్టు లోపల సాధారణంగా అరామిడ్ దారాలు, అంటే కెవ్లార్ రకం గట్టి నూలు ఉంటుంది. పైన చుట్టూ గుడ్డ తొడుగు ఉంటుంది. పెడల్ తొక్కి వదిలినప్పుడల్లా కాస్త జారి పట్టుకోవడానికి, వీపు మీద ఐడ్లర్ నొక్కినా తట్టుకోవడానికి అలా చేస్తారు. కార్లలో వాడే వి-బెల్టు ఎప్పుడూ ఒకే టెన్షన్ మీద తిరగడానికి చేసింది. ఆ పని దానికి వేరు, ఈ పని వేరు.

కాబట్టి కొలతను మరచిపోయి మోడల్ నంబరు చూడండి. చాలా బండ్లకు అది సీటు ఎత్తితే కనిపించే పట్టీ మీద ఉంటుంది. మీ బండి ఏ కంపెనీదో మీరు రాయలేదు. సియర్స్ షాపుల్లో అమ్మిన పాత క్రాఫ్ట్స్‌మన్ బ్రాండ్ బండి అయితే ఇంకో చిన్న సంగతి. మోడల్ నంబరు 917తో మొదలైతే అది హస్క్‌వర్నా కంపెనీ వైపు ఫ్యాక్టరీలో తయారైంది, 247తో మొదలైతే ఎమ్‌టీడీ అనే కంపెనీ తయారుచేసింది. బండి మీద పేరు ఒకటే అయినా లోపలి బెల్టులు వేరు. ఆ నంబరుతో విడిభాగాల బొమ్మల పట్టిక వెతికి, డ్రైవ్ బెల్టు పార్ట్ నంబరు రాసుకుని దానితోనే కొనండి. ఆ బొమ్మలోనే కీపర్లు ఎన్ని, ఎక్కడెక్కడ ఉండాలో కూడా తెలుస్తుంది. సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి పాత యజమాని ఒకటో రెండో విప్పి మళ్ళీ పెట్టకుండా వదిలేసి ఉండొచ్చు. బెల్టు ఎక్కించిన ప్రతిసారీ ఊడుతోందంటే ఆ అనుమానం నాకు గట్టిగానే ఉంది.

వేసే పని ఓపికతో చేయాల్సింది, కష్టమైంది కాదు. ముందు అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసుకోండి. డెక్‌ను అతి తక్కువ ఎత్తుకు దించి, డెక్ బెల్టును ఇంజిన్ పుల్లీ నుంచి తప్పించి, పట్టి ఉంచే పిన్నులు తీస్తే డెక్ పక్కకు జరిగి వస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. డెక్ బరువు పోగానే ఎత్తు మార్చే లీవర్ స్ప్రింగ్ బలానికి ఎగిరి కొట్టొచ్చు. దాన్ని గట్టిగా పట్టుకుని మెల్లగా వదలండి. తర్వాత పార్కింగ్ బ్రేక్ వేస్తే చాలా మోడళ్ళలో డ్రైవ్ బెల్టు వదులవుతుంది. బ్లేడ్లను కరెంటుతో వేసి ఆపే ఎలక్ట్రిక్ క్లచ్ ఉంటే దాని వైరు ప్లగ్ తీయాలి, లేకపోతే బెల్టు దాన్ని దాటి రాదు. వెనక ట్రాన్స్‌మిషన్ పుల్లీ మీద ప్లాస్టిక్ ఫ్యాన్ ఉంటుంది. బెల్టును దాని రెక్కల మీంచి ఒక్కో రెక్క దాటిస్తూ తీయాలి. బలంగా లాగి రెక్క విరిచారంటే ట్రాన్స్‌మిషన్‌కు చల్లదనం తగ్గి, లేని జబ్బు కొని తెచ్చుకున్నట్టవుతుంది.

కొత్త బెల్టు ఫోటోల్లో ఉన్న దారిలోనే, మెలిక పడకుండా, ప్రతి కీపర్‌కు లోపలి వైపునుంచే పోవాలి. కీపర్‌కు, బెల్టుకు మధ్య 1/8 అంగుళం అటూఇటూ సందు ఉంటే చాలు. రాసుకోకూడదు, బెల్టు దూరి బయటికి వచ్చేంత ఖాళీ కూడా ఉండకూడదు. బ్రేక్ వదిలాక ఆర్మ్ వచ్చి బెల్టును బిగిస్తోందో లేదో కళ్ళతో చూసి, అప్పుడు డెక్ పెట్టండి. మొదటిసారి బ్లేడ్లు వేయకుండా పది పదిహేను నిమిషాలు సమతలం మీద తిప్పి, ఆపి, చల్లారాక మళ్ళీ వంగి చూడండి. ఆ తర్వాతే మిట్ట ఎక్కండి.

మీ వెనక పెరడు ఏటవాలు ఎంతో కూడా ఒకసారి కొలవండి. రైడింగ్ మోవర్ల మాన్యువళ్ళలో మామూలుగా చెప్పే హద్దు 15 డిగ్రీలు, అంటే 10 అడుగుల దూరానికి సుమారు రెండున్నర అడుగుల ఎత్తు. అంతకంటే నిటారుగా ఉన్న చోటును చేత్తో తోసే మోవర్‌తోనే కోయండి. ఆ హద్దు లోపలున్న చోటైనా పైకీ కిందికీ నడపాలి, అడ్డంగా కాదు. మామూలుగా బండిని నడిపే పెడల్ వదిలితే ట్రాన్స్‌మిషనే బండిని ఆపుతుంది. బెల్టు ఊడిన క్షణం ఆ పట్టు పోయి, మీకు మిగిలేది బ్రేక్ ఒక్కటే. కాబట్టి ఈ పనిలో ఉండగానే అదీ గట్టిగా పడుతోందో లేదో చూసుకోండి. ఇంకో మాట, ఉత్తరంలో లేకపోయినా చెబుతున్నాను. మన ఇళ్ళలో పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మోవర్ నడుపుతూ ఫోటోలు దిగడం చాలాసార్లు చూశాను. దయచేసి అలా చేయకండి. గడ్డి కోస్తున్నంతసేపూ పిల్లలు ఇంట్లోనే ఉండాలి.

ఇవన్నీ సరిచేశాక, అసలు బెల్టు నిలబడ్డాక కూడా బండి వేడెక్కగానే నీరసపడితే, అప్పుడు షాపువాళ్ళ మాట వినండి. ఇళ్ళలో వాడే ఈ తరగతి బండ్లలో టఫ్ టార్క్, హైడ్రో-గేర్ కంపెనీల ట్రాన్స్‌మిషన్లు ఎక్కువగా కనిపిస్తాయి. ఇంటి బండ్లకు వేసే చిన్నరకాల్లో చాలావాటికి నూనె మార్చే బిరడా కూడా ఉండదు, బయటికి దించి మార్చాలి. కొత్తది వేయించే ఖర్చు పాత బండి ధరకు దగ్గరపడొచ్చు. ఆ స్థితిలో కొత్త బండి గురించి ఆలోచించడంలో తప్పు లేదు. అయితే అప్పుడు కూడా ముందు ఆ బెల్టు జారడం లేదని రుజువు చేసుకుని వెళ్ళండి. వేడెక్కాక మిట్ట మీద ఆగిపోయిన చోటే ఇంజిన్ ఆపి, పార్కింగ్ బ్రేక్ వేసి, బండి చల్లారాక బెల్టు పక్కల్ని తాకి చూడండి. మళ్ళీ నున్నబడకుండా గుడ్డ తొడుగు గరుకుగానే ఉంటే లోపం బెల్టుది కాదు. షాపులో ఆ మాట చెప్పి, అంచనా కాగితం మీద రాసివ్వమని అడగండి.